మందు పనిచేయనప్పుడు మాట పనిచేస్తుంది

మల్కాజ్‌గిరిలో మా ఇల్లు రైలు పట్టాలకు దగ్గర. సాయంత్రం నేను ఆస్పత్రి నుంచి వచ్చి, వరండాలో కూర్చుని కాఫీ తాగే వేళకు గేటు దగ్గర ఎవరో ఒకరు నిలబడి వుంటారు. చేతిలో ప్లాస్టిక్ సంచి, అందులో స్కానింగు ఫిల్ములు, రిపోర్టులు. వచ్చిన మనిషి ముందుగా అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి ఇలా అంటాడు:

"డాక్టరుగారూ, నాన్నగారు ఆటోలో వున్నారు. లోపలికి తీసుకొస్తాను. మీరు మాత్రం ఆయన ముందు ఏమీ అనకండి. గ్యాస్ ట్రబుల్ అని చెప్పాం."

రిపోర్టు విప్పి చూస్తాను. కాన్సరు కాలేయానికి పాకి వుంటుంది. ఆపరేషనుకు లొంగే దశ దాటి వుంటుంది. ఈలోగా పెద్దాయన మెల్లగా మెట్లెక్కి వస్తాడు. నేను పొట్ట నొక్కి చూస్తున్నంతసేపూ ఆయన నా ముఖం కేసే చూస్తుంటాడు. కొడుకు ఫోను వచ్చి బయటికి వెళ్లగానే నా చెయ్యి పట్టుకుంటాడు.

"నాకు తెలుసులెండి డాక్టరుబాబూ. పిల్లలకు మాత్రం చెప్పకండి. తట్టుకోలేరు."

చూశారా! తండ్రికీ తెలుసు, కొడుక్కీ తెలుసు. తండ్రి కోసం కొడుకు దాస్తున్నాడు, కొడుకు కోసం తండ్రి దాస్తున్నాడు. ఇద్దరిదీ ప్రేమే. ఐతే ఆ ప్రేమ వల్ల జరుగుతున్నదేమిటి? మిగిలిన రెండు మూడు నెలలూ గ్యాస్ ట్రబుల్ గురించిన కబుర్లతోనే గడిచిపోతాయి. అసలు చెప్పుకోవలసిన మాటలు ఇద్దరి గొంతుల్లోనూ వుండిపోతాయి.

ప్రతివారమూ మనం ఏదో ఒక జబ్బు గురించీ, దాన్ని నయం చేసే మార్గం గురించీ చెప్పుకుంటూ వుంటాం. ఈ వారం నయం కాని జబ్బు గురించి, అటువంటి జబ్బు ఇంట్లోకి వచ్చినప్పుడు ఇంటిల్లిపాదీ చేయవలసిన పనుల గురించి చెప్పుకుందాం. అశుభం మాట్లాడుతున్నాడు ఈ డాక్టరు అనుకోకండి. ఏ ఇంటికైనా ఒకనాడు ఈ అవసరం రాక తప్పదు.

నేను చేసిన పొరపాటు

ఇతరులకు నీతులు చెప్పే ముందు నా సంగతి చెప్పడం న్యాయం. నేను ప్రభుత్వోద్యోగంలో చేరిన కొత్తలో, 1997లో, మా నాన్నగారికి కాన్సరు వచ్చింది. ఆయన రైల్వేలో గార్డుగా పనిచేసి రిటైరయ్యారు. రిపోర్టు ముందుగా నా చేతికే వచ్చింది. కొత్తగా డాక్టరునయ్యాను గదా, అన్నీ నాకే తెలుసుననుకున్నాను. అమ్మకూ, చెల్లెలికీ గట్టిగా చెప్పి, నాన్నకు కామెర్లు అని నమ్మించాను.

ఒకనాడు రాత్రి ఆయన నన్ను మంచం దగ్గరకు పిలిచి, "మీ చిన్నాయనకు ఒక కార్డు ముక్క రాయరాదురా" అన్నారు. ఊళ్లో బావి దగ్గర వాటా గురించి అన్నదమ్ములిద్దరికీ తగవు వచ్చి, పధ్నాలుగేళ్లుగా మాటలు లేవు. ఇప్పుడు ఉన్నట్టుండి చిన్నాయనను పిలిపిస్తే నాన్నకు అనుమానం వస్తుందని నాకు భయం వేసింది. "ఇప్పుడెందుకు నాన్నా? మీరు లేచి తిరిగాక దసరాకు మనమే పోదాం" అన్నాను. ఆయన కాసేపు నా కేసి చూసి, "సరే" అని అటు తిరిగి పడుకున్నారు. ఆ తరువాత ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

దసరా ఇంకా పదకొండు రోజులుందనగా నాన్న పోయారు. కబురంది సాయంత్రం బస్సుకు చిన్నాయన వచ్చాడు. అన్న కాళ్ల దగ్గర కూలబడి, నన్ను చూసి ఒకే ఒక మాట అన్నాడు: "ఒక్క మాట చెప్పంపితే నడుచుకుంటనన్న వస్తుంటి గదరా!"

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. నాన్నను బాధ నుంచి కాపాడుతున్నాననుకున్నాను. నిజానికి ఆయన కంటతడి చూడవలసి వస్తుందని నన్ను నేనే కాపాడుకున్నాను.

చెబితే రోగి కుంగిపోడా?

అందరూ అడిగే ప్రశ్న ఇది. నిజం తెలిస్తే బెంగతోనే ముందుగా పోతాడేమోనని భయం. ఈ భయానికి వైద్యశాస్త్రంలో ఆధారం లేదు. నిజం తెలిసిన మొదటి రోజుల్లో దుఃఖం వుంటుంది, కోపం వుంటుంది, నిద్ర పట్టదు. అది సహజం. కాని ఏమీ చెప్పకుండా వదిలేస్తే, రోగి చీకట్లో ఒంటరిగా అంతకంటే భయంకరమైనవి వూహించుకుంటాడు.

2010లో అమెరికాలో, బోస్టన్ నగరంలోని మసాచుసెట్స్ జనరల్ ఆస్పత్రి వైద్యులు ఒక పరిశీలన ఫలితాలను ప్రకటించారు. ముదిరిన ఊపిరితిత్తుల కాన్సరు వున్న 151 మందిని తీసుకున్నారు. సగం మందికి మామూలు కాన్సరు వైద్యం చేశారు. మిగిలిన సగం మందికి దానితోపాటు మొదటినుంచీ ఉపశమన చికిత్స కూడా ఇచ్చారు. అంటే నొప్పికి మందు, మనసు విప్పి మాట్లాడడం, జబ్బు ఎక్కడి దాకా వచ్చిందో, ఇక ముందు ఏం చేద్దామో కలిసి ఆలోచించడం. ఈ రెండోవారిలో దిగులు తక్కువగా వుంది. అంతేకాదు, మొదటివారు సగటున తొమ్మిది నెలల లోపు బతికితే, వీరు పదకొండు నెలలు దాటి బతికారు. మనసు విప్పి మాట్లాడడం వల్ల ఆయుష్షు తగ్గలేదు సరిగదా, వున్న రోజులు బాగా గడిచాయి.

ఐతే చెప్పే పద్ధతి ఒకటుంది. నిలబడి, హడావుడిగా, పదిమంది ముందు చెప్పకూడదు. పక్కన కూర్చోండి. "మీ జబ్బు గురించి మీకేమనిపిస్తోంది?" అని ముందు రోగినే అడగండి. చాలామంది సగం సంగతి వారే చెప్పేస్తారు. "ఇంకా వివరంగా తెలుసుకోవాలని వుందా?" అని అడగండి. వద్దంటే బలవంతపెట్టకండి. కొందరు నిజంగానే తెలుసుకోవడానికి ఇష్టపడరు. అది వారి హక్కు. తెలుసుకుంటానంటే కొంచెం కొంచెంగా చెప్పండి. ఇన్ని రోజులే అని లెక్క మాత్రం చెప్పకండి. ఆ లెక్క డాక్టర్లకే సరిగా రాదు. చివరగా ఈ మాట తప్పకుండా చెప్పండి: "ఏమైనా సరే, మేమంతా మీ దగ్గరే వుంటాం. నొప్పి లేకుండా చూసుకుంటాం."

అక్కినేనివారు ఏం చేశారు?

తెలుగువారందరికీ తెలిసిన ఒక వుదాహరణ చెబుతాను. నటుడు అక్కినేని నాగేశ్వరరావుగారు దాదాపు తొంభై ఏళ్ల ప్రాయంలో, 2013 అక్టోబరులో, పత్రికలవారిని పిలిచి తనకు కాన్సరు వచ్చిందని తానే స్వయంగా చెప్పారు. అంతటి ప్రముఖుడు తలుచుకుంటే దాచిపెట్టడం కష్టమేమీ కాదు. 1974లోనే గుండె ఆపరేషను చేయించుకున్న మనిషి. 2011 డిసెంబరులో భార్య అన్నపూర్ణగారిని పోగొట్టుకున్నారు. ఇంత జరిగినా జబ్బు సంగతి దాచలేదు.

అప్పటికి ఆయన "మనం" అనే సినిమాలో నటిస్తున్నారు. అందులో ఆయనతోపాటు కుమారుడు నాగార్జున, మనుమడు నాగచైతన్య నటించారు. తాతా, తండ్రీ, మనుమడూ ఒకే కథలో కనిపించిన సినిమా అది. ఆపరేషను తరువాత ఇంట్లో వుంటూనే తన పాత్రకు డబ్బింగు చెప్పి పని పూర్తిచేశారు. 2014 జనవరి 22న కన్నుమూశారు. సినిమా మే 23న విడుదలైంది.

ఆయన ప్రముఖుడు, మనం సామాన్యులం, ఆయనతో మనకు పోలికేమిటి అనకండి. డబ్బు సంగతి వేరు. ఆయన చేసిన పనిలో డబ్బుతో నిమిత్తం లేనిది ఒకటుంది. జబ్బు సంగతి అందరికీ తెలుసు కాబట్టి ఇంట్లో ఎవరూ నటించవలసిన అవసరం రాలేదు. మిగిలిన కాలాన్ని తనకిష్టమైన పనికీ, తనవాళ్లకూ ఇవ్వగలిగారు. మన ఇళ్లల్లో సినిమా వుండకపోవచ్చు. మనుమరాలికి పద్యం నేర్పించడం వుంటుంది, తమ్ముడితో రాజీపడడం వుంటుంది, కాశీనో యాదగిరిగుట్టనో చూడాలని వుంటుంది. రోగికి సంగతి తెలిస్తేనే ఇవి జరుగుతాయి.

నొప్పి భరించనక్కరలేదు

మాట్లాడుకోవాలంటే ముందు నొప్పి తగ్గాలి. నొప్పితో మెలికలు తిరిగేవాడికి కూతురి మాట కూడా చెవికెక్కదు. కాన్సరు నొప్పికి మంచి మందు మార్ఫిన్. నొప్పి తీవ్రతను బట్టి ఏయే మందులు ఎలా వాడాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లోనే మెట్లు మెట్లుగా వివరించింది. మన దేశంలో 1985నాటి మాదకద్రవ్యాల చట్టం వల్ల మార్ఫిన్ దొరకడం చాలా ఏళ్లు కష్టంగా వుండేది. 2014లో ఆ చట్టాన్ని సవరించి, గుర్తింపు పొందిన వైద్యసంస్థలకు దారి సులువు చేశారు.

మార్ఫిన్ అనగానే "అలవాటైపోతుందేమో, మత్తులో వుంచేస్తారేమో" అని భయపడతారు. నొప్పికి తగిన మోతాదులో, డాక్టరు చెప్పినట్టు వాడితే వ్యసనంగా మారడం చాలా అరుదు. మామూలు మాత్ర పనిచేసేది సుమారు నాలుగు గంటలు. కాబట్టి నొప్పి వచ్చాక కాకుండా, వేళ ప్రకారం వేసుకోవాలి. మొదటి రెండు మూడు రోజులు మగతగా, వికారంగా వుండవచ్చు, తరువాత సర్దుకుంటుంది. మలబద్ధకం మాత్రం సర్దుకోదు. అందుకు విరేచనం సాఫీగా అయ్యే మందు మొదటిరోజు నుంచే వాడాలి. మాత్రలు ఒక్కసారిగా మానేయకూడదు. ఒకరికి రాసినది ఇంకొకరికి ఇవ్వకూడదు. పిల్లలకు అందకుండా దాచాలి.

ఇటువంటి ఉపశమన చికిత్స మన నగరంలోనే దొరుకుతుంది. రెడ్‌హిల్స్‌లోని ప్రభుత్వ కాన్సరు ఆస్పత్రి ఎం.ఎన్.జె.లో దీనికి ప్రత్యేక విభాగం వుంది. 2011లో మొదలైన స్పర్శ్ హాస్పీస్ ఇటువంటి రోగులను ఉచితంగా చూస్తోంది. ప్రభుత్వం జిల్లాల్లో కూడా ఉపశమన చికిత్సా కేంద్రాలను ఏర్పాటు చేసింది. కాన్సరు ఒక్కటే కాదు, ముదిరిన మూత్రపిండాల, గుండె, ఊపిరితిత్తుల జబ్బులకూ, పక్షవాతానికీ ఈ చికిత్స పనికివస్తుంది. "ఇక చేసేదేమీ లేదు, ఇంటికి తీసుకుపొండి" అని ఎవరైనా అంటే, ఇంటికి వెళ్లే ముందు ఈ చికిత్స గురించి అడగండి. జబ్బు తగ్గించలేకపోయినా రోగికి చేయవలసినవి చాలా వుంటాయి.

చివరి రోజుల్లో ఇంట్లోవారు తెలుసుకోవలసినవి

1. ఆకలి తగ్గిపోతుంది. తినకపోవడం వల్ల పోతున్నాడని ఇంట్లోవారు కుమిలిపోతారు. నిజానికి శరీరం ఆగిపోతున్నది కాబట్టే ఆకలి పోతుంది. బలవంతాన నోట్లో కుక్కితే అన్నం ఊపిరితిత్తుల్లోకి జారి ప్రమాదం తెస్తుంది. అడిగినది ఒక చెంచా పెట్టండి, చాలు. ఈ దశలో సెలైన్లు ఎక్కించాలని పట్టుబట్టకండి. ఒంట్లో నీరు చేరి ఆయాసం ఎక్కువ కావచ్చు.

2. నోరు ఎండిపోతుంది. తడిగుడ్డతోనో, దూదితోనో పెదవులు, నాలుక తడుపుతూ వుండండి. తులసితీర్థం పోయడం మన ఆచారం. మింగలేని స్థితిలో వుంటే గొంతులో పోయకుండా ఆ తీర్థంతోనే పెదవులు తడపండి.

3. ప్రతి రెండు గంటలకూ పక్కకు తిప్పి పడుకోబెట్టండి. లేకపోతే నడుము దగ్గర, మడమల దగ్గర పుండ్లు పడతాయి. గాలిపరుపు వాడితే మంచిదే. కాని అది వున్నదని తిప్పడం మానకూడదు.

4. ఆయాసంగా వుంటే తల ఎత్తుగా పెట్టి, ముఖానికి మెల్లగా గాలి తగిలేటట్టు ఫ్యాను పెట్టండి. కిటికీ తెరవండి. చుట్టూ పదిమంది మూగకండి.

5. చివరి గంటల్లో కాళ్లూ చేతులూ చల్లబడతాయి. శ్వాస కాసేపు ఆగి మళ్లీ వస్తుంది. గొంతులో గురగుర వినిపిస్తుంది. చూసేవారికి భయంగా వుంటుంది గాని, మగతలో వున్న రోగికి దాని బాధ తెలియదనే వైద్యుల అభిప్రాయం. పక్కకు ఒత్తిగిల్లి వుండేటట్టు పడుకోబెడితే గురగుర తగ్గుతుంది.

6. స్పృహ లేదు గదా అని మంచం పక్కన ఆస్తి తగాదాలూ, అంత్యక్రియల ఖర్చులూ మాట్లాడకండి. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2020లో ప్రకటించిన పరిశీలన ప్రకారం, పలకని స్థితిలో, చివరి గంటల్లో వున్న కొందరి మెదళ్లు కూడా శబ్దాలకు స్పందించాయి. కాబట్టి చెయ్యి పట్టుకుని మాట్లాడండి. పేరు పెట్టి, వరస పెట్టి పిలవండి.

మాటలూ, కాగితాలూ

అమెరికాలో ఇరా బయాక్ అనే డాక్టరు చాలా ఏళ్లు ఇటువంటి రోగులకు సేవచేసి, 2004లో ఒక పుస్తకం రాశాడు. పోయేవారూ, వుండేవారూ ఒకరికొకరు చెప్పుకోవలసినవి నాలుగంటాడు. నన్ను క్షమించు అనేది ఒకటి, నిన్ను క్షమించాను అనేది ఒకటి, నీకు కృతజ్ఞుణ్ణి అనేది ఒకటి, నువ్వంటే నాకు ప్రేమ అనేది ఒకటి. మన ఇళ్లల్లో ఇవి ఇంత సూటిగా అనుకోవడం అలవాటు లేదు. భార్యతో ముప్పై ఏళ్లు కాపురం చేసి ఒక్కసారైనా ఆ మాట అనని మగవాళ్లు మన వీధిలోనే ఎందరో! ఫరవాలేదు, మన పద్ధతిలోనే చెప్పండి. "నువ్వు లేకపోతే ఈ ఇల్లు నిలబడేది కాదే" అన్నా అదే అర్థం. "ఆనాడు తొందరపడి చెయ్యి చేసుకున్నాను, మనసులో పెట్టుకోకురా" అన్నా అదే అర్థం. అందరినీ క్షమించి తీరాలని నేననను. కొన్ని గాయాలు మానవు. కాని చెప్పాలని వున్నవారికి అవకాశం మాత్రం ఇవ్వండి. పిల్లలు అమెరికాలోనో, దుబాయిలోనో వుంటే, టికెట్టు దొరికేదాకా ఆగకుండా స్పృహ వుండగానే వీడియో ఫోనులో మాట్లాడించండి.

కాగితాల సంగతి కూడా స్పృహ వుండగానే చూసుకోవాలి. వీలునామా తెల్లకాగితం మీద రాసి, ఇద్దరు సాక్షుల సమక్షంలో సంతకం చేసి, వారిచేత సంతకాలు పెట్టిస్తే చెల్లుతుంది. రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు, చేయిస్తే మంచిది. బాంకు ఖాతా, ఫామిలీ పెన్షను కాగితాలు, బీమా ఎక్కడున్నాయో ఇంటి ఇల్లాలికి తెలియాలి.

కోలుకునే ఆశ లేనప్పుడు వెంటిలేటరు మీద పెట్టవద్దని ముందుగానే రాసి పెట్టుకునే హక్కు కూడా మనకుంది. 2018 మార్చి 9న సుప్రీంకోర్టు దీన్ని అంగీకరించింది. 2023 జనవరిలో పద్ధతిని సులభం చేసింది. ఇద్దరు సాక్షుల ముందు సంతకం చేసి, నోటరీ చేతనో, గెజిటెడ్ అధికారి చేతనో ధ్రువీకరింపజేస్తే సరిపోతుంది. ఇల్లు తాకట్టు పెట్టి పదిరోజులు ఐ.సి.యు.లో వుంచడమా, ఇంట్లో మన మధ్య వుంచుకోవడమా అనే నిర్ణయం కొడుకు నెత్తిన పడకుండా, పెద్దవారే ఆలోచించి చెప్పిపెట్టడం పిల్లలకు చేసే ఉపకారం.

ఆ పెద్దాయన సంగతి

మొదట్లో చెప్పాను గదా, ఆటోలో వచ్చిన పెద్దాయన గురించి. అటువంటివారిలో ఒకాయన లాలాగూడ వర్క్‌షాపులో పనిచేసి రిటైరైన మనిషి. ఆయన నా చెయ్యి పట్టుకున్న రోజున, మా నాన్న గుర్తొచ్చి, కొడుకును లోపలికి పిలిచాను. "మీ నాన్నగారికి అంతా తెలుసు. ఇక్కడే కూర్చుని ఇద్దరూ మాట్లాడుకోండి" అని, కాఫీ గ్లాసు పట్టుకుని లోపలికి వెళ్లిపోయాను. అరగంట తరువాత వచ్చి చూస్తే ఇద్దరి కళ్లూ ఎర్రగా వున్నాయి. పెద్దాయన కొడుకు భుజం మీద చెయ్యి వేసి వున్నాడు.

ఆ తరువాత ఆయన నాలుగు నెలలు వున్నాడు. మార్ఫిన్ మాత్రలతో నొప్పి అదుపులో వుంది. బాంకుకు ఎప్పుడూ వెళ్లని భార్యకు చెక్కు రాయడం, ఫారం నింపడం నేర్పించాడు. సాయంత్రాలు మనుమరాలు ఆయనను సఫిల్‌గూడ చెరువు గట్టు దాకా తీసుకువెళ్లేది. ఏళ్ల తరబడి రాకపోకలు లేని చెల్లెలిని పిలిపించుకుని చీర పెట్టాడు. పోయిన తరువాత ఆయన కొడుకు మా ఇంటికి వచ్చి, "ఏడుపు వస్తోంది గాని డాక్టరుగారూ, చెప్పలేకపోయానన్న బాధ మాత్రం లేదు" అన్నాడు. నా వృత్తిలో నేను విన్న మంచి మాటల్లో అదొకటి.

ఇప్పటికే పెద్దదిక్కును పోగొట్టుకుని, నా మాదిరిగా, "అయ్యో, ఆ మాట చెప్పలేకపోయానే" అని బాధపడుతున్నవారికి ఒక సంగతి. ఆ రోజున మీకు తెలిసినంతలో, ప్రేమతోనే చేశారు. ఆ మాటను ఒక వుత్తరంగా రాసుకోండి. ఇంట్లో ఎవరితోనైనా పంచుకోండి. నెలలు గడిచినా నిద్ర పట్టక, తిండి సహించక, బతకాలనిపించకపోతే ఆలస్యం చేయకుండా డాక్టరును చూడండి. 14416 నంబరుకు ఫోను చేస్తే టెలి మానస్ వారు తెలుగులోనే, ఉచితంగా మాట్లాడతారు.

ఆరోగ్యంగా వున్నవారు ఇదంతా చదివి, మనకింకా టైముందిలే అనుకుని పేజీ తిప్పేయకండి. మా చిన్నాయన పధ్నాలుగేళ్లు అలాగే అనుకున్నాడు, మా నాన్నా అలాగే అనుకున్నారు. మీకూ ఎక్కడో ఒక తమ్ముడో, అక్కో, పాత స్నేహితుడో వుండేవుంటారు. ఈ ఆదివారం ఒక ఫోను చేయండి. ఏం మాట్లాడాలో తోచకపోతే, "బాగున్నావా?" అనండి. మొదటి మాటకు అది చాలు.